ఆపదలో ఫోను: ఆ పిలుపు ఎక్కడికి వెళ్తుంది, చట్టం ఏమంటుంది



ఈ వరండాలో కూర్చున్న మీలో దాదాపు ప్రతి ఒక్కరి చేతిలోనూ ఫోను ఉంది. లోపల మంచం మీద ఉన్న మీవారి సంగతి ఊళ్లో వాళ్లకు చెప్పడానికి, డబ్బు సర్దుబాటు చేసుకోవడానికి, ఇంటి దగ్గర గేదెకు మేత వేశారా అని అడగడానికి పొద్దుటి నుండి దాన్నే వాడుతున్నారు. అదే ఫోనును ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలా వాడాలో మాత్రం చాలామందికి తెలియదు. బీపీ గురించి, షుగరు గురించి, కాన్పుల గురించి మనం ఇక్కడ ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఫోను గురించి, దాని సిగ్నలు గురించి, ఆ సిగ్నలును కాపాడే చట్టం గురించి మాట్లాడుకుందాం. నర్సుకు చట్టంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు పని ఉంది. రోగి ఎంత ఆలస్యంగా వచ్చాడో మేము చూస్తాం. ఆ ఆలస్యం ఎక్కడ జరిగిందో బంధువుల మాటల్లో వింటాం.

కొన్నాళ్ల క్రితం ఒక పెద్దావిడను పక్షవాతంతో తీసుకువచ్చారు. పొద్దున వంట చేస్తూ ఉండగా కుడి చెయ్యి పడిపోయింది, మూతి వంకర పోయింది. ఇంట్లో ఉన్నది ఆవిడ భర్త ఒక్కరే. ఆయన వెంటనే బెంగుళూరులో ఉన్న కొడుక్కి ఫోను చేశారు. కొడుకు క్షణం ఆలస్యం చేయకుండా అక్కడి నుండే 108కి చేశాడు. అవతల కన్నడంలో మాట్లాడారు. ఆ అబ్బాయికి కన్నడం వచ్చు, అన్నీ వివరంగా చెప్పాడు. కానీ వాళ్లు పంపగలిగిన బండ్లు కర్ణాటకలోవి. ఇక ఇక్కడి చుట్టాల నంబర్లు వెతకడం మొదలైంది. ఒకరు ఫోను ఎత్తలేదు, ఒకరు పెళ్లికని పొరుగూరు వెళ్లారు. చివరికి పక్కింటివాళ్లకు తెలిసి, వాళ్లు 108కి చేసేసరికి రెండు గంటలు దాటాయి. ఆ తరువాత బండి త్వరగానే వచ్చింది. అయితే మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షను జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అది కూడా స్కాను తీసి చూసిన తరువాతే. దూరం ప్రయాణం చేసి, స్కాను పూర్తయ్యేసరికి ఆ గడువు దాటిపోయింది. ఆవిడ బతికారు. కుడి చేతిలో మాత్రం బలం తిరిగి రాలేదు.

ఆ కొడుకు తల పట్టుకుని నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు: "108 అంటే దేశమంతా ఒకటే కదా సిస్టర్?" నంబరు ఒకటే. దాన్ని ఎత్తే ఆఫీసు మాత్రం ఒకటి కాదు. మీరు 108 గాని 112 గాని నొక్కగానే ఆ పిలుపు మీ ఫోనుకు అందిన టవరుకు వెళుతుంది. ఆ టవరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం కంట్రోలు రూముకు చేరుతుంది. సిమ్ము ఎక్కడ కొన్నారో, రోగి ఎక్కడ ఉన్నాడో దానికి తెలియదు. కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి: రోగి పక్కన ఉన్న మనిషే ముందు ఫోను చేయాలి. కొడుక్కి, కూతురికి, అల్లుడికి ఆ తరువాత చెప్పవచ్చు.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి నుండి 108 నొక్కితే మన అంబులెన్సు రాదు. 112 నొక్కితే అక్కడి అత్యవసర సేవ 911కే వెళ్లవచ్చు. పిల్లలు అక్కడి నుండి చేయగలిగింది, మీ పక్కింటివాళ్లకో వీధిలోని మనిషికో ఫోను చేసి, వాళ్ల చేత ఇక్కడి నుండి చేయించడం. అందుకే పక్కిళ్ల నంబర్లు రెండైనా మీ పిల్లల ఫోనుల్లో ఉండాలి. అలాగే గల్ఫుకు వెళ్లే మనవాళ్లు ఆ దేశం నంబరు తెలుసుకుని విమానం ఎక్కాలి. కువైట్‌లో 112, దుబాయి, అబుదాబిలలో అంబులెన్సుకు 998. వాట్సాప్ కాల్ ద్వారా ఏ దేశంలోనూ అంబులెన్సును పిలవలేరు. అది ఇంటర్నెట్ మీద ఇద్దరు మాట్లాడుకునే ఏర్పాటు, అత్యవసర నంబర్లకు కలవదు. బండి బయలుదేరిన తరువాత డ్రైవరు అడిగితే లొకేషను పంపడానికి మాత్రం అది బాగా పనికి వస్తుంది.

ఇప్పుడు ఈ టవరు, సిగ్నలు అంటే ఏమిటో చూద్దాం. మీ చేతిలోని ఫోను నిజానికి ఒక చిన్న రేడియో. పాత రేడియో వినడం వరకే. ఇది వింటుంది, పలుకుతుంది కూడా. రేడియో తరంగాలకు లెక్కలేనన్ని దారులు లేవు. మొబైలు ఫోన్లకు 900 మెగాహెర్ట్జ్, 1800 మెగాహెర్ట్జ్ వంటి కొన్ని పట్టీలు కేటాయించారు. విమానాలకు వేరే, పోలీసులకు వేరే, ఓడలకు వేరే. ఇంట్లో వైఫైకి, బ్లూటూత్‌కి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వదిలారు. గుండెకు పెట్టే పేస్‌మేకరు వంటి పరికరాలు డాక్టరు దగ్గరి యంత్రంతో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి కూడా 402 నుండి 405 మెగాహెర్ట్జ్ మధ్య ఒక చిన్న పట్టీ ఉంది. ఈ పట్టీలన్నిటినీ కలిపి స్పెక్ట్రమ్ అంటారు. వార్తల్లో వేలంపాట అన్నప్పుడు ఈ మాట మీరు వినే ఉంటారు. ఒకరి పట్టీలోకి మరొకరు చొరబడితే ఇద్దరి మాటా వినబడదు. అందుకే దీనికి చట్టం కావలసి వచ్చింది.

ఈ చట్టాలు గట్టిపడింది వ్యాపారం కోసమే అనుకుంటారు చాలామంది. ప్రాణాల కోసం కూడా. టైటానిక్ ఓడ కథ సినిమాలో చూసిన వాళ్లు ఉంటారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఆ ఓడ మంచుకొండను గుద్దుకుంది. ఓడలోని వైర్‌లెస్ ఆపరేటర్లు ఆపద సంకేతాలు పంపుతూనే ఉన్నారు. దగ్గర్లో కాలిఫోర్నియన్ అనే మరో ఓడ ఉంది. దానిలో వైర్‌లెస్ ఆపరేటరు ఒక్కడే. పగలంతా పనిచేసి, అప్పటికే యంత్రం కట్టేసి పడుకున్నాడు. దూరాన ఉన్న కార్పాథియా ఓడకు ఆ సంకేతం అందింది. అది వచ్చి 700 మందికి పైగా రక్షించింది. 1500 మంది వరకు చనిపోయారు. పైగా గాలిలో ఎవరికి తోచినట్లు వాళ్లు సందేశాలు పంపుతుండడంతో గందరగోళం ఏర్పడి, ప్రయాణికులందరూ క్షేమం అని పత్రికల్లో తప్పుడు వార్తలు కూడా వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రేడియో చట్టం చేసింది. లైసెన్సు లేకుండా ఎవరూ ప్రసారం చేయకూడదు, ఆపద సంకేతానికి అన్నిటికంటే ముందు దారి ఇవ్వాలి అని అందులో పెట్టారు. ఆ మరుసటి సంవత్సరాల్లో, ఓడల్లో 24 గంటలూ వినేవాళ్లు ఉండాలన్న అంతర్జాతీయ ఒప్పందం కూడా తయారయింది. రాత్రి డ్యూటీ అనేది ఎందుకు ఉందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు గాని, ఈ కథ వింటే మీకూ తెలుస్తుంది.

మన దేశంలో తంతి కోసం 1885లో ఒక చట్టం, వైర్‌లెస్ కోసం 1933లో మరొక చట్టం వచ్చాయి. వైర్‌లెస్ పరికరం ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలన్నది ఆ రెండో చట్టం సారం. మీ ఇంట్లో పెద్దలను అడగండి, ఒకప్పుడు రేడియో పెట్టెకు కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టేవారు. 1995లో క్రికెట్ ప్రసారాల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చి చెప్పింది. 2012 ఫిబ్రవరి 2న అదే కోర్టు స్పెక్ట్రమ్ పంపకం సరిగా జరగలేదని 122 లైసెన్సులను రద్దు చేసింది. చివరికి 2023 డిసెంబరులో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టం అని కొత్తది చేసింది. దాన్ని ఒక్కసారిగా కాక దఫదఫాలుగా అమలులోకి తెస్తున్నారు. 2024 జూన్ 26న కొన్ని సెక్షన్లు, జూలై 5న మరికొన్ని వచ్చాయి. స్పెక్ట్రమ్‌కు ప్రజల తరఫున కేంద్ర ప్రభుత్వం యజమాని అని ఈ చట్టంలో రాశారు. మామూలుగా వేలం ద్వారానే ఇవ్వాలి. విపత్తుల నిర్వహణకు, ప్రాణాలు, ఆస్తి కాపాడే పనులకు మాత్రం వేలం లేకుండా కేటాయించవచ్చు. ఇది నాకు నచ్చిన అంశం. అంబులెన్సు వైర్‌లెస్సు, సినిమా డౌన్‌లోడు ఒకే పాటలో పోటీ పడనక్కరలేదు.

ఇక మన నంబర్ల సంగతి. మొదట్లో పోలీసుకు 100, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 102 అని వేరువేరుగా ఉండేవి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. తెలుగునాట మొదలైన ఈ ఏర్పాటును తరువాత ఎన్నో రాష్ట్రాలు తీసుకున్నాయి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఆ అమ్మాయి మీద జరిగిన ఘోరం తరువాత, దేశమంతటికీ ఒకే నంబరు ఉండాలన్న మాట బలపడింది. 2015 ఏప్రిల్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్, 112ను ఆ నంబరుగా పెట్టమని సిఫారసు చేసింది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో అది మొదలైంది. 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా మరికొన్ని రాష్ట్రాలకు వచ్చింది. పోలీసు, అగ్నిమాపకం, వైద్యం మూడింటికీ 112 చాలు. జబ్బు మాత్రమే అయితే 108 నేరుగా అంబులెన్సువాళ్లకే వెళుతుంది. రెండిట్లో ఏది గుర్తొస్తే అది చేయండి. ఏది సరైనదా అని ఆలోచిస్తూ కూర్చోవడమే నష్టం. రెండూ ఉచితమే.

ఇక్కడ మీ ఫోను గురించి కొన్ని విషయాలు తెలుసుకోవాలి. కంగారులో తాళం తీసే నంబరు మరచిపోతారు, చెయ్యి వణికి వేలిముద్ర పడదు. స్మార్టు ఫోనులో తాళం తీయకుండానే కింద ఎమర్జెన్సీ అన్న మాట కనబడుతుంది. అది నొక్కి 112 చేయవచ్చు. రోగి సొంత ఫోను తాళం మీకు తెలియకపోయినా దాని నుండి కూడా ఇలాగే చేయవచ్చు. కొన్నిచోట్ల గీతలేమీ లేకుండా ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అని మాత్రమే కనబడుతుంది. అంటే మీ కంపెనీ టవరు అందడం లేదు, వేరే కంపెనీ టవరు అందుతోంది అని అర్థం. అప్పుడు 112 నొక్కి చూడండి. మొబైలు ఫోన్ల ప్రమాణాల ప్రకారం 112 అన్నది ఫోనే గుర్తుపట్టి, దొరికిన టవరు ద్వారా పంపడానికి ప్రయత్నిస్తుంది. 108కి ఆ గుర్తింపు అన్ని ఫోన్లలోనూ ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి.

2016 ఏప్రిల్‌లో కేంద్రం ఫోన్లలో ఆపద బటను ఉండాలని నియమాలు చేసింది. 1933 వైర్‌లెస్ చట్టం కింద చేసిన నియమాలు ఇవి. ఎనభై ఏళ్లు దాటిన చట్టం మన జేబులోని ఫోను దాకా ఎలా వచ్చిందో చూడండి. వాటి ప్రకారం 2017 జనవరి 1 నుండి అమ్మే బటన్ల ఫోనులో 5 గాని 9 గాని కాసేపు నొక్కి పట్టుకుంటే అత్యవసర పిలుపు వెళ్లాలి. స్మార్టు ఫోనులో ఆన్-ఆఫ్ బటను మూడుసార్లు గబగబా నొక్కితే వెళ్లాలి. కొన్ని ఫోన్లలో ఇది ఐదుసార్లు నొక్కేటట్లు ఉంది. మీ ఫోనులో ఎలా ఉందో సెట్టింగుల్లో చూసుకోండి, లేదా చదువుకునే పిల్లల చేత చూపించుకోండి. నొక్కి పరీక్ష చేయకండి, అది నిజంగానే కంట్రోలు రూముకు వెళుతుంది. పిల్లవాడు ఆడుతూ పొరపాటున నొక్కితే భయపడి కట్ చేయకండి. ఫోను ఎత్తగానే "పొరపాటున వచ్చిందండీ, మాకు ఏ ఆపదా లేదు" అని చెప్పండి. కట్ చేస్తే మీకేదో అయిందనుకుని వాళ్లు తిరిగి చేస్తూ ఉంటారు, ఆలోపు మరొకరి లైను ఆగుతుంది.

లైను ఆగితే ఏమవుతుందో ఇంగ్లండులో 1935లోనే తెలిసింది. లండన్‌లో ఒక డాక్టరు ఇంటికి నిప్పు అంటుకుని ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఎదుటి ఇంటాయన ఫైరింజను కోసం ఫోను ఎత్తితే, ఎక్స్ఛేంజి మామూలు పిలుపులతో పాటు ఆయన్ని కూడా వరుసలో ఉంచింది. ఆయన కోపంతో పత్రికకు ఉత్తరం రాశారు. దాని మీద విచారణ జరిగి, 1937 జూన్ 30న లండన్‌లో 999 అనే నంబరు మొదలైంది. ఈ నంబరు నొక్కగానే ఎక్స్ఛేంజిలో గంట మోగి, ఎర్ర దీపం వెలిగేది. అంతకుముందు అందరి పిలుపులూ సమానం. ఆ రోజు నుండి ఆపదలో ఉన్నవాడి పిలుపు ముందు.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే దీని గురించి వినని వాళ్లే ఎక్కువ. సిగ్నలు సరిగా లేని చోట్ల కొందరు బజారులోనో ఇంటర్నెట్‌లోనో ఒక పెట్టె కొని తెచ్చి పెడుతున్నారు. దాన్ని బూస్టరు అంటారు, రిపీటరు అని కూడా అంటారు. మేడ మీద ఒక యాంటెన్నా, లోపల మరొకటి. పెట్టగానే ఆ ఇంట్లో సిగ్నలు గీతలు నిండుగా కనబడతాయి. లాడ్జిలు, ఫంక్షను హాళ్లు, కింది అంతస్తు షాపుల వాళ్లు ఎక్కువగా పెడతారు. నాకు తెలిసిన ఒక వీధిలో ఇలాగే ఒక షాపాయన పెట్టుకున్నారు. ఆయన ఫోను చక్కగా పలికేది. ఆ వెనుక సందులోని ఇళ్లలో మాత్రం గీతలు కనబడతాయి, ఫోను కలవదు, కలిసినా మాట తెగిపోతుంది. ఆ ఇళ్లలో ఒక ఎనిమిది నెలల గర్భిణి ఉంది. ఒక రాత్రి ఆమెకు రక్తస్రావం మొదలైంది. భర్త 108కి మూడుసార్లు చేసినా కలవలేదు. చివరికి నాలుగోసారి మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి చేశాడు. తల్లి, బిడ్డ ఇద్దరూ దక్కారు. తరువాత ఫోను కంపెనీ మనుషులు ఒక యంత్రం పట్టుకుని వీధి వీధి తిరిగి ఆ పెట్టెను కనిపెట్టారు.

గీతలు కనబడుతూనే ఫోను కలవకపోవడం ఏమిటి అని మీకు సందేహం రావచ్చు. పెళ్లి పందిట్లో మైకును స్పీకరు పెట్టె ముందుకు తీసుకువెళితే ఏమవుతుంది? కుయ్యిమని చెవులు పగిలేలా మోత వస్తుంది, ఎవరి మాటా వినబడదు. బూస్టరు కూడా అంతే. దానిలోని రెండు యాంటెన్నాలు సరిగా అమర్చకపోతే ఒకటి పంపింది మరొకటి అందుకుని, పెంచి పెంచి మళ్లీ పంపుతుంది. టవరు మాట ఫోనుకు వినబడే పట్టీ వేరు, ఫోను మాట టవరుకు వినబడే పట్టీ వేరు. ఈ మోత రెండో పట్టీలో నిండిపోతే, టవరు పలికేది మీకు వినబడుతుంది కాబట్టి గీతలు కనబడతాయి. మీరు పలికేది మాత్రం టవరుకు వినబడదు. టవరు చుట్టూ ఉన్న అన్ని ఇళ్లకూ ఇదే ఇబ్బంది. బూస్టరు పెట్టినవాడికి అసలు తెలియదు, ఆయన ఫోను పలుకుతూనే ఉంటుంది.

2022 జూలైలో టెలికం శాఖ దీని మీద ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది. లైసెన్సు ఉన్న ఫోను కంపెనీలు తప్ప మరెవరూ మొబైలు బూస్టరును ఉంచుకోకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. అలాగే సిగ్నలును పూర్తిగా ఆపేసే జామరు అనే పరికరం. పరీక్ష హాళ్లకు, జైళ్లకు పెడతారని విన్నారు కదా, దాన్ని ప్రభుత్వం అనుమతి లేకుండా ఎవరూ ఉంచుకోకూడదు, వాడకూడదని కొత్త చట్టం 48వ సెక్షను చెబుతోంది. 2024 జూలై 5న అమలులోకి వచ్చిన సెక్షన్లలో అది ఒకటి. ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు కదా, తప్పేమిటి అని అడిగేవాళ్లు ఉన్నారు. అమ్ముతున్నంత మాత్రాన వాడవచ్చని కాదు. మీ ఇంట్లో సిగ్నలు రాకపోతే మీ కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకుని మామూలు మాటలు మాట్లాడుకోవచ్చు. ఆపదలో మాత్రం మేడ మీదికో వీధిలోకో వచ్చి చేయండి.

టవరంటే భయపడి ఊళ్లో పెట్టనివ్వని వాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. క్యాన్సరు వార్డు నుండి వచ్చే బంధువులు నన్ను ఇది తరచుగా అడుగుతారు. వాళ్ల భయాన్ని నేను తేలికగా తీసుకోను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, ఈ తరంగాలను క్యాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చు అనే జాబితాలో పెట్టింది. ఆ తరువాత 2024లో అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిపిన పెద్ద సమీక్షలో, మొబైలు వాడకానికి మెదడు క్యాన్సరుకు సంబంధం కనబడలేదు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుండి టవరు వెలువరించే తరంగాల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. ఇంకొకటి గమనించండి. టవరు దూరమయ్యే కొద్దీ ఫోను గట్టిగా అరవాలి, అంటే మీ చెవి పక్కనున్న ఫోనే ఎక్కువ శక్తితో తరంగాలు పంపాలి. ఊళ్లో టవరు వద్దని వెళ్లగొట్టి, ఊరి బయట చెట్టు కింద ఒక్క గీతతో గంటలకొద్దీ మాట్లాడడంలో ఏ లాభమూ లేదు. రాత్రి పాము కరిస్తే ఆ చెట్టు దాకా పరుగెత్తాలి.

తుఫాను వచ్చినప్పుడు టవర్లే పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు కరెంటూ లేదు, ఫోనూ లేదు. అలాంటి సమయంలో ప్రభుత్వం ఫోను సేవలను తాత్కాలికంగా తన చేతిలోకి తీసుకోవచ్చనీ, సహాయ పనుల్లో ఉన్నవాళ్ల సందేశాలు ముందు వెళ్లేటట్లు ఏర్పాటు చేయవచ్చనీ కొత్త చట్టం 20వ సెక్షనులో ఉంది. అవి కూడా లేని చోట పనికి వచ్చేది హ్యామ్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు, హైదరాబాదులోని హ్యామ్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. ఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుండి ఎంతోమంది క్షేమ సమాచారాన్ని ఆ రేడియో మీదే బయటికి పంపించారు. సముద్రం ఒడ్డు ఊళ్ల నుండి వచ్చినవారు తుఫాను హెచ్చరిక రాగానే ఫోను పూర్తిగా చార్జి చేసి పెట్టుకోండి. నెలలు నిండిన గర్భిణి, డయాలసిస్ రోగి ఉన్న ఇంటివాళ్లు తుఫాను తీరం దాటేదాకా ఆగకుండా ముందురోజే ఆసుపత్రి ఉన్న ఊరికి రండి. అప్పుడు ఏ నంబరూ పని చేయకపోవచ్చు.

సరే, ఫోను కలిసింది. ఇప్పుడేం చెప్పాలి? "అమ్మకు బాగోలేదు, త్వరగా రండి" అని అరిచి పెట్టేసేవాళ్లు చాలామంది. ఏ అమ్మ, ఏ ఊరు? టవరును బట్టి మీరు ఎక్కడున్నారో వాళ్లకు తెలిసిపోతుందని అనుకోకండి. పల్లెల్లో ఒక టవరు కింద కిలోమీటర్ల మేర ఊళ్లుంటాయి. ఊరి పేరు ఒక్కటే చెప్పినా చాలదు. కొత్తపల్లులు ఎన్ని, రామాపురాలు ఎన్ని! మండలం పేరు తప్పకుండా చెప్పండి. జిల్లా పేర్లతో తికమక ఉంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడగొట్టారు. పెద్దవాళ్లు ఇంకా పాత జిల్లా పేరే చెబుతారు. అందుకే మండలం చెప్పి, ఆ తరువాత అందరికీ తెలిసిన గుర్తు చెప్పండి. బడి, గుడి, చర్చి, రేషను షాపు, నీళ్ల ట్యాంకు, ఏదైనా సరే. తరువాత రోగి వయసు, స్పృహ ఉందా, ఊపిరి తీస్తున్నాడా, రక్తం పోతోందా, గర్భిణి అయితే ఎన్నో నెల. వాళ్లు అడిగేటప్పుడు "ఇవన్నీ ఎందుకు, బండి పంపండి" అని విసుక్కోకండి. ఏ బండి పంపాలో, లోపల ఏం సిద్ధం చేసుకోవాలో దాన్ని బట్టే ఉంటుంది. ఊపిరి ఆగిపోయిందని చెబితే ఛాతీ మీద ఎలా నొక్కాలో ఫోనులోనే చెబుతారు. స్పీకరు ఆన్ చేసి రోగి పక్కన పెట్టుకోండి, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి.

ఆ ఫోను పెట్టేసిన తరువాత దాని నుండి చుట్టాలందరికీ చేయడం మొదలుపెట్టకండి. డ్రైవరు దారి అడగడానికి ఆ నంబరుకే చేస్తాడు, బిజీ వస్తే సందు దొరకక రోడ్డు మీదే నిలబడతాడు. తెలియని నంబరు అని కట్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. కబుర్లకు మరొకరి ఫోను వాడండి. ఒకరు టార్చిలైటు పట్టుకుని మెయిన్ రోడ్డు మలుపులో నిలబడండి. వాకిట్లో మోటారు సైకిళ్లు పక్కకు తీయించండి. రోగి వాడే మందుల చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు ఒక సంచిలో వేసుకోండి.

మీరు డిశ్చార్జి అయ్యేటప్పుడు మందుల చీటీతో పాటు ఒక చిన్న కాగితం ఇస్తాము. దాని మీద 108, 112 పెద్ద అక్షరాలతో ఉంటాయి. కింద ఖాళీలలో మీ ఊరు, మండలం, ఇంటికి దగ్గరి గుర్తు, పక్కింటివాళ్ల నంబర్లు రెండు రాసుకోవాలి. రాయడం రానివారు కౌంటరు దగ్గర ఉన్న సిస్టరుకు చెబితే రాసిపెడతారు. ఇంటికి వెళ్లగానే దాన్ని బీరువాలో పెట్టకండి, పిల్లలకు కూడా అందే ఎత్తులో గోడకు అంటించండి.